డబ్బులిచ్చే ముందు బూట్ చేసి చదువుకోనిచ్చే షాపు

విజయనగరంలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు అమ్మే షాపుల్లో మళ్లీ వెళ్తానని నేను ధైర్యంగా చెప్పగలిగేది ఈ ఒక్కటే. గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరం. కింద బట్టల కొట్టు, పక్కన ఇరుకు మెట్లు, పైన ఇది. పేరు రాయడం లేదు, ఓనరుగారే వద్దన్నారు. "మీరు రాసీస్తే అందరూ పెన్‌డ్రైవులు పట్టుకుని దిగిపోతారు మేడం, ఒక్కో బేరానికి గంటేసి పడతాది" అని ఆయన బాధ. అయినా రివ్యూ రాయాల్సిందే, ఎందుకంటే ఆయన భయపడుతున్న ఆ పెన్‌డ్రైవ్ పనే (కొనేముందు మన పెన్‌డ్రైవ్‌తో మెషీన్‌ని ఆన్ చేసి లోపల ఏముందో చదువుకోవడం) ఈ షాపులో అన్నిటికంటే మంచి విషయం.

నాకు నెల్లిమర్లలో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు, ఉద్యోగాల అప్లికేషన్లు, సీజన్ వస్తే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్లు. ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున సిస్టమ్ ఆగిపోతే పిల్లల కంటే వాళ్ల నాన్నలకే ఎక్కువ టెన్షన్, ఆ టెన్షన్ అంతా వచ్చి పడేది నా మీద. అందుకే పాతవి తీసేసి ఒకే రకం మెషీన్లు మూడు తీసుకున్నాను. పెద్ద ఆఫీసుల్లో వాడి వదిలేసిన చిన్న సైజు సీపీయూలు. ఇంటెల్ ఐ5-4590, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్కు). ఒక్కోటి 9,500 చొప్పున. మానిటర్లు నా దగ్గరున్నవే.

ధర ఇంత దిగడానికి కారణం ఉంది. ఆ ప్రాసెసర్ 2014 నాటిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలని వాళ్ల నిబంధన. ఐ5-4590 నాలుగో జనరేషన్‌ది, ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఆఫీసులు వీటిని వదిలించుకుంటున్నాయి, లాట్లు లాట్లుగా మన ఊళ్లకి దిగుతున్నాయి. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌తో నడిపే నాలాంటివాళ్లకి పండగే. కానీ లాట్‌లో వచ్చిన సరుకు లాట్‌లో వచ్చినట్టే ఉంటుంది. పైకి అన్నీ ఒకటే డబ్బా, లోపల ఒక్కోదానిది ఒక్కో కథ.

మామూలుగా సెకండ్ హ్యాండ్ సిస్టమ్ ఎలా చూపిస్తారో తెలిసిందే. బటన్ నొక్కుతారు. కంపెనీ లోగో వస్తుంది, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, నీలం వాల్‌పేపర్ వస్తుంది. "చూశారా ఎంత ఫాస్టో" అంటారు. యూట్యూబ్‌లో ఓ పాట పెడతారు. ప్రాపర్టీస్ తెరిచి ఐ5 అన్న ముక్క మీద మౌస్ ఆడిస్తారు. అయిపోయింది, డబ్బులు తీయండి. ఆ చుక్కలు తిరుగుతున్న కాసేపట్లో ఏ పార్టు దొరికింది, ఏది దొరకలేదు, ఏది తడబడి మళ్లీ దారికొచ్చింది అన్నదంతా లోపల నడిచిపోతుంది. మనకి కనిపించేది చుక్కలే.

ఇక్కడ అలా కాదు. మొదటిరోజే అడిగాను, "నా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసుకుని చూస్తాను, మీ విండోస్‌ని ముట్టుకోను" అని. షాపు కుర్రాడు ఓనరు మొహం చూశాడు. ఆయన, "ఏటి, వైరస్సేటైనా ఎక్కుతాదా?" అన్నారు. హార్డ్‌డిస్క్ మీద ఏమీ రాయదు, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, ఆఫ్ చేస్తే పోతుంది అని చెప్పాను. "అలగైతే చూసుకోండి" అని స్టూలు లాగి పక్కనే కూర్చున్నారు. నమ్మకం కొద్దీ కాదు, కాపలాకి. పర్లేదు.

నా పెన్‌డ్రైవ్‌లో ఉండేది డెబియన్ లైవ్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్. ఆన్ చేయగానే ఎఫ్12 కొట్టి పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. తర్వాత వచ్చే మెనూలో ఇ అక్షరం నొక్కితే బూట్ వరుస తెరుచుకుంటుంది. అందులో క్వైట్, స్ప్లాష్ (quiet, splash) అని రెండు మాటలుంటాయి. వాటిని చెరిపేసి కంట్రోల్ ఎక్స్ నొక్కాలి. చేయాల్సిందల్లా అంతే. ఆ రెండు మాటలు పోయాయంటే లోగో ఉండదు, కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే సిస్టమ్ గుండెకాయ) చెప్పేదంతా నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల్లో పరిగెడుతుంది. కళ్లతో పట్టుకోలేని వేగం. కంగారు అక్కర్లేదు, కెర్నల్ ఆ వరుసలన్నీ మెమరీలో ఓ మూల దాచుకుంటుంది. డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్ తెరిచి సూడో డీమెసేజ్ (sudo dmesg) కొడితే మొదటి నుంచి తీరిగ్గా చదువుకోవచ్చు. ప్రతి వరుస ముందూ కెర్నల్ మొదలయ్యాక ఎన్ని సెకన్లకి అది పలికిందో ఆరు దశాంశ స్థానాల దాకా ఉంటుంది. ఎక్కడైనా పక్కపక్క వరుసల మధ్య పది సెకన్ల గ్యాప్ ఉందంటే, అక్కడ ఎవరికోసమో ఎదురుచూసిందన్నమాట. నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

మొదటి మెషీన్ దాదాపు మచ్చలేకుండా నడిచింది. కెర్నల్ వెర్షన్, ఆ కింద మనం దిద్దిన కమాండ్ వరుస, ఆ తర్వాత బయోస్-ఈ820 అని మొదలయ్యే వరుసల గుంపు. అది మెమరీ పటం. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా వాడుకోవచ్చు, ఏది రిజర్వ్ అన్నది. ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. ర్యామ్ ఎంతుందో ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను వెతుక్కోదు. కరెంటు రాగానే ముందు లేచేది బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్. అది ప్రతి ర్యామ్ పుల్ల మీదా ఉండే చిన్న చిప్‌ని చదివి, సైజు, స్పీడు తెలుసుకుని, మెమరీని సిద్ధం చేసి, ఇదిగో ఇంత ఉంది అని పటం గీసి ఇస్తుంది. కెర్నల్ ఆ పటాన్ని తీసుకుంటుంది. ఫర్మ్‌వేర్ కంటికి ఆనని పుల్ల కెర్నల్‌కి కూడా లేనట్టే. 8 జీబీ అని చెప్పినచోట 7.7 అని కనిపిస్తే గొడవపడకండి, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కోసం, ఫర్మ్‌వేర్ సొంత అవసరాల కోసం కొంత పక్కన పెట్టేస్తారు. 3.7 కనిపిస్తే మాత్రం తప్పకుండా గొడవపడండి.

ఆ తర్వాత డీఎంఐ అని ఒక్క వరుస. కంపెనీ పేరు, మోడల్, బయోస్ (ఆ ఫర్మ్‌వేర్ పేరే) వెర్షన్, దాని తేదీ. డెల్, హెచ్‌పీ, లెనోవోల ఆఫీసు మెషీన్లలో ఇది శుభ్రంగా ఉంటుంది. అసెంబుల్డ్ బోర్డులు కొన్నిటిలో మాత్రం ఈ చోట "టు బి ఫిల్డ్ బై ఓఈఎమ్" అని కనిపిస్తుంది, అంటే తయారీదారు పూరించాల్సిన ఖాళీ పూరించకుండానే అమ్మేశాడు. డబ్బా మీద బ్రాండ్ స్టిక్కర్, లోపల ఈ వరుస ఉంటే ఆ బోర్డు ఎవరో మార్చినట్టే అనుకోవాలి. స్టిక్కర్లు అతికించడం సులువు.

ఆ కింద ఏసీపీఐ పట్టికలు వరసగా పేర్లు చెప్పుకుంటాయి. ఈ పద్ధతి మొదట 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చినది. పవర్ బటన్, నిద్రపోవడం, ప్రాసెసర్లు ఎన్ని, లాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎక్కడ, ఇలా అడిగితే తప్ప తెలియని సంగతులన్నీ ఫర్మ్‌వేర్ ఆ పట్టికల్లో రాసి పెడుతుంది. తర్వాత ప్రాసెసర్. దీన్ని సిస్టమ్ నేరుగానే అడుగుతుంది, సీపీయూఐడీ అనే ఆదేశం ఇస్తే ప్రాసెసర్ తన పేరు తానే చెప్పుకుంటుంది. ఐ5-4590, 3.30 గిగాహెర్ట్జ్. కాస్త కిందికి వస్తే 4 సీపీయూలు లేచాయన్న వరుస. నాలుగు కోర్ల ప్రాసెసర్‌కి నాలుగూ లేచాయి. సరే.

నాకు ఇష్టమైన భాగం పీసీఐ, అంటే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటి పార్టులు బోర్డుకి తగులుకునే దారి. ఇక్కడ ఎవరో గీసిచ్చిన పటం మీద ఆధారపడదు, కెర్నల్ తానే అడిగి తెలుసుకుంటుంది. అచ్చం బడిలో మాస్టారు హాజరు వేసినట్టే. సున్నా నంబరు బస్సుతో (ఒక్కో దారిని బస్సు అంటారు) మొదలు. ఒక్కో బస్సులో 32 స్థానాలు, ఒక్కో స్థానంలో 8 ఫంక్షన్ల దాకా ఉండొచ్చు. ప్రతి స్థానాన్నీ "నీ కంపెనీ నంబరేంటి, నీ నంబరేంటి" అని అడుగుతుంది. ఎవరూ లేని స్థానం నుంచి అన్నీ ఒకట్లే తిరిగొస్తాయి, అంటే గైర్హాజరు. దారిలో బ్రిడ్జి తగిలితే దాని అవతల ఇంకో బస్సు ఉన్నట్టు, అక్కడికీ వెళ్తుంది. ఇంటెల్ వాళ్ల కంపెనీ నంబరు 8086, వాళ్ల 1978 నాటి ప్రాసెసర్ పేరే. ఎవరు పెట్టారోగానీ సరదా మనిషి. మా మెషీన్‌లో 8086 పక్కన 0412 అని గ్రాఫిక్స్, 8086 పక్కన 153ఏ అని నెట్‌వర్క్ పోర్టు పలికాయి. తర్వాత ఆ నంబర్లకి సరిపోయే డ్రైవర్‌ని సిస్టమ్ తన జాబితాలో వెతికి ఎక్కించుకుంటుంది. మొత్తం జాబితా ఒక్కచోట కావాలంటే ఎల్ఎస్ పీసీఐ (lspci) కొడితే వచ్చేస్తుంది.

ఈ మెషీన్‌లో దొరికింది ఒక్క చిన్న లోపం. సిస్టమ్ గడియారాన్ని సెట్ చేస్తున్నానని ఆర్‌టీసీ సీమాస్ పేరుతో ఓ వరుస వస్తుంది. అందులో తేదీ 2013 జనవరి 1 అని ఉంది. ప్రాసెసరే అప్పటికి మార్కెట్లోకి రాలేదు! బోర్డు మీది బటన్ సెల్ అయిపోయిందన్నమాట. సీఆర్2032, ముప్పై నలభై రూపాయల వస్తువు. కానీ అది లేకపోతే రాత్రి మెయిన్ ఆపేసి పొద్దున్న ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు, గవర్నమెంటు సైట్లు సర్టిఫికెట్ చెల్లదని తెరుచుకోవు. నెట్ సెంటర్‌కి అంతకంటే నరకం ఉండదు. చూపించగానే ఓనరుగారు లేచి మూడింటికీ కొత్త సెల్‌లు వేయించారు, అడక్కుండానే.

రెండో మెషీన్ 3.7 చూపించింది. పైన చెప్పాను కదా గొడవపడమని. పడ్డాను. "మేడం, ఎనిమిదే ఉన్నాది, నేనే వేశాను" అన్నాడు కుర్రాడు. డీఎంఐ డీకోడ్ (dmidecode) అనే కమాండ్‌తో మెమరీ స్లాట్ల జాబితా తీసి చూపించాను. ఒక స్లాట్‌లో 4 జీబీ, ఇంకో స్లాట్ దగ్గర "నో మాడ్యూల్ ఇన్‌స్టాల్డ్". మూత తీస్తే పుల్లలు మాత్రం రెండున్నాయి. కుర్రాడు అబద్ధం చెప్పలేదు, పుల్ల ఉంది, ఫర్మ్‌వేర్‌కి కనిపించలేదు. ఆ పుల్ల తీసి, డ్రాయర్లోంచి పిల్లల రబ్బరు ఒకటి తెచ్చి బంగారు రంగు కాళ్లని రెండు వైపులా రుద్ది, స్లాట్‌లో ఊది, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాడు. మళ్లీ బూట్. 7.7. ఈ రబ్బరు వైద్యం ఏ మాన్యువల్‌లో ఉందో తెలియదుగానీ మన జిల్లాలో సగం కంప్యూటర్లు దాని మీదే బతుకుతున్నాయి.

అదే మెషీన్‌కి ముందు వైపు యూఎస్‌బీ పోర్టులు కూడా చూశాను. యూఎస్‌బీ సంగతి పీసీఐ కంటే వేరు. అక్కడ ఏ క్షణంలోనైనా ఏదైనా గుచ్చొచ్చు, పీకొచ్చు. గుచ్చగానే హబ్ కబురందిస్తుంది, సిస్టమ్ ఆ పోర్టుని రీసెట్ చేసి, వచ్చిన వస్తువుకి 1 నుంచి 127 లోపు ఓ నంబరిచ్చి, నీ వివరాలు చెప్పమంటుంది. డీమెసేజ్‌కి డబ్ల్యూ జోడించి (dmesg -w) కొడితే ఇదంతా జరుగుతున్నప్పుడే చూడొచ్చు. ఒక్కో పోర్టులో మౌస్ గుచ్చుతూ పోయాను. మంచి పోర్టులో అయితే కొత్త డివైస్ దొరికింది, తయారీదారు ఫలానా అని వరుసలు పడతాయి. ముందు వైపు ఒక పోర్టులో మాత్రం "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71" అని మళ్లీ మళ్లీ, ఆఖరికి గుర్తించలేకపోయానని చేతులెత్తేసింది. అదే మౌస్ పక్క పోర్టులో బాగానే పలికింది కాబట్టి తప్పు పోర్టుదే. బాగు చేయడం కుదరదన్నారు. దాని మీద ఇన్సులేషన్ టేపు అంటించి, ధరలో 300 తగ్గించారు. వేలిముద్ర స్కానర్, ప్రింటర్, పెన్‌డ్రైవులు రోజంతా గుచ్చే మాకు పోర్టంటే చిన్న విషయం కాదు, కానీ 300కి ఒప్పుకున్నాను. నీలం పోర్టులకి ఇంకో పరీక్ష ఉంది. 3.0 పెన్‌డ్రైవ్ గుచ్చినప్పుడు సూపర్‌స్పీడ్ అని రావాలి. హై-స్పీడ్ అని వస్తే ఆ పోర్టులో కొన్ని పిన్నులు కలవడం లేదు. పోర్టు రంగు కాదు, వరుసలో ఏం రాసిందో అదే లెక్క.

మూడోది అసలు పరీక్ష. ఈ మెషీన్‌లో విండోస్ మామూలుగానే వచ్చింది, పాటా ఆడింది. వేరే షాపులో అయితే దీన్నే ముందు చుట్టి ఇచ్చేవాళ్లు. డీమెసేజ్‌లో మాత్రం మొదట "సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్" (సాటా అంటే డిస్కుని బోర్డుకి కలిపే లైను) అని వచ్చి, కాసేపటికి ఎర్ర అక్షరాల్లో ఎక్సెప్షన్, లింక్‌ని గట్టిగా రీసెట్ చేస్తున్నానని ఇంకోటి, మళ్లీ లింక్ అప్, మళ్లీ రీసెట్. చివరికి లింక్ వేగాన్ని 3.0కి దించేస్తున్నానని రాసింది. అంటే ఎస్‌ఎస్‌డీతో మాటలు మధ్యలో తెగిపోతున్నాయి, సిస్టమ్ సర్దుకుపోతోంది. విండోస్ కూడా ఇలాంటి వాటిని ఈవెంట్ వ్యూయర్‌లో రాసుకుంటుంది, కానీ దాన్ని తెరిచి చూసే గిరాకీ ఎవరు?

ఎస్‌ఎస్‌డీ పోయిందని ఓనరుగారి మొహం వాడిపోయింది. నాకు అలా అనిపించలేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు తీశాను. 5వ నంబరు, చెడిపోయి మార్చిన సెక్టార్లు: సున్నా. 197, అనుమానంలో ఉన్న సెక్టార్లు: సున్నా. 199, వైరు మీద డేటా పాడైన లెక్క: వందల్లో. 199 పెరిగి మిగతావి బాగున్నాయంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి. కుర్రాడు అట్టపెట్టెలోంచి వేరే సాటా కేబుల్ తీసి మార్చాడు. తీసిన పాతదాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే మూత కింద నలిగి మడత పడిన గుర్తు ఉంది. మళ్లీ బూట్ చేసి పెద్ద ఫైళ్లు అటూ ఇటూ కాపీ చేశాం. 6.0 దగ్గరే నిలబడింది, ఎర్ర వరుస ఒక్కటీ రాలేదు. 199 లెక్క మాత్రం తగ్గదు, అది పాత చిట్టా, ఇక పెరగకపోతే చాలు. ఓనరుగారు అప్పుడు స్టూలు ఇంకాస్త ముందుకి లాక్కుని, "ఆ కమాండేటో మా కుర్రోడికి రాసిచ్చెయ్యండి మేడం" అన్నారు. కాపలా మనిషి గిరాకీ అయిపోయారు.

ఈ రిపోర్టు కూడా దేవుడి మాటేం కాదని ఇక్కడే చెప్పాలి. సిస్టమ్ రాసేది చాలావరకు ఆ వస్తువు తన గురించి తాను చెప్పుకున్నదే. రోడ్డు మీద అమ్మే చవక పెన్‌డ్రైవులు ఉంటాయి చూడండి, లోపల 8 జీబీ చిప్ పెట్టి నేను 128 జీబీ అని చెప్పేలా చేసినవి. గుచ్చితే డీమెసేజ్ కూడా 128 అనే రాస్తుంది. నిండా రాసి మళ్లీ చదివితే గానీ రంగు బయటపడదు. ఎఫ్3 అనే ప్రోగ్రామ్ ఉన్నది ఆ పనికే. అలాగే ఎంతసేపు ఆన్‌లో ఉందో చెప్పే స్మార్ట్‌లోని 9వ నంబరు. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచిన ఆఫీసు డిస్కుకి ఏడాదికి 2,400 గంటలవుతాయి. పదేళ్ల డిస్కు 24,000 చూపించాలి. అంత పాత మెషీన్‌లో పాత డిస్కేనంటూ 40 గంటలు చూపిస్తే సంతోషించకూడదు, అనుమానించాలి. ఇక్కడ ఎస్‌ఎస్‌డీలు కొత్తవి వేశామన్నారు, గంటలు కూడా అలాగే చూపించాయి. సరిపోయింది.

విండోస్ వాడేవాళ్లు ఇదంతా తమది కాదనుకోనక్కర్లేదు. డివైస్ మేనేజర్ కూడా అదే హాజరు పట్టీ. కాకపోతే అందులో కనిపించేది ఫలితం, జరిగిన కథ కాదు. పసుపు గుర్తు ఉన్నదాన్ని తెరిస్తే కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు, కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా వస్తువు మొదలవలేదు. డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే అదే 8086 మళ్లీ దర్శనమిస్తుంది. కొత్తగా విండోస్ ఎక్కించిన ఈ తరం మెషీన్లలో "పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో ఒకటి వేలాడుతూ ఉంటుంది, జనం మోడెమ్ పోయిందనో సౌండ్ కార్డు పోయిందనో బెంగపెట్టుకుంటారు. ఐడీ 8086, 8సీ3ఏ అయితే అది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్. కంపెనీ సైట్లో డ్రైవర్ దొరుకుతుంది. దాని కోసం 500 అడిగిన మెకానిక్‌ని నేను చూశాను.

ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఉచిత సిస్టమ్ ఇన్‌స్టాలర్ కూడా ఉంచుతాను, ఎక్కించడానికి కాదు, చదవడానికి. దాని రాత నాకు లినక్స్ కంటే నచ్చుతుంది. నీలం మీద తెల్ల అక్షరాలు, ఒక్కో వస్తువుకి ఒక్కో వరుస, ఏది దేనికి తగులుకుని ఉందో సహా. ఈఎమ్0 అనే నెట్‌వర్క్ పోర్టు పీసీఐ0లో 25వ స్థానంలో ఉందని సూటిగా చెప్తుంది. డ్రైవర్ లేనిదాని పక్కన "నాట్ కాన్ఫిగర్డ్" అని దాపరికం లేకుండా రాస్తుంది. కొత్త మెషీన్ల రిపోర్టులు తమకి పంపమని ఆ ప్రాజెక్టువాళ్లు వాడేవాళ్లనే అడుగుతారు. లినక్స్ వాగుడు ఎక్కువ, మనకి కావాల్సిన వరుస వందల వరుసల కింద పడి ఉంటుంది. స్థాయి పెట్టి ఎర్రర్లు, వార్నింగులు మాత్రమే తీయొచ్చనుకోండి. అలా తీసినప్పుడు కూడా పనికిరాని హెచ్చరికలు కొన్ని వస్తాయి, ఏసీపీఐ బయోస్ ఎర్రర్ అని కనిపించగానే హడలిపోకండి, అన్నీ బాగున్న మెషీన్లలో కూడా అది మామూలే.

ఇంటికి తెచ్చాక మూడూ బాగానే నడుస్తున్నాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఒక్కటే కాస్త సతాయించింది, అది మెషీన్ల తప్పు కాదు. ఆ ప్రింటర్‌కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపాలి, దాని తయారీయే అంత. యూఎస్‌బీలో 03ఎఫ్0, 2బీ17 అని బుద్ధిగా పలుకుతుంది, ఫర్మ్‌వేర్ అందేదాకా ఒక్క పేజీ కూడా కదలదు. హెచ్‌పీ వాళ్ల లినక్స్ ప్యాకేజీకి ప్లగిన్ కూడా వేశాక దారికొచ్చింది.

ఇక షాపు మీద ఫిర్యాదులు. మెట్లు మరీ ఇరుకు, సీపీయూ పట్టుకుని దిగుతుంటే మోచేతులు గోడకి రాసుకుంటాయి. టెస్టింగ్‌కి మానిటర్ ఒక్కటే, సాయంత్రం వెళ్తే ఖాళీ దొరకదు. బిల్లు అడిగితేగానీ ఇవ్వరు, ఇచ్చినా "సీపీయూ 3" అని ఒక్క ముక్క రాస్తారు. నేను పట్టుబట్టి మూడింటి సర్వీస్ నంబర్లూ రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. వారంటీ నెల రోజులే, లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కి అదీ లేదు. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాళ్లు యూపీఎస్ లేకుండా వీటిని పెట్టకూడదు. ఫ్రీగా ఇచ్చిన కీబోర్డుల మీద జిడ్డు మాత్రం ఆఫీసువాళ్లదో షాపువాళ్లదో చెప్పలేను, నేను వాడలేదు.

లాప్‌టాప్‌లు ఇక్కడ కొనమని చెప్పను. పెన్‌డ్రైవ్‌తో వాటినీ చూడనిచ్చారు, అందులో లోపం లేదు. కానీ నేను చూసిన ఒకదాని బ్యాటరీ, కొత్తలో పట్టాల్సిన చార్జీలో సగం కూడా పట్టడం లేదని రిపోర్టులో కనిపించింది. దానికి ఆయన చెప్పిన జవాబు "చార్జర్ పెట్టి వాడుకోండి మేడం" అని. డెస్క్‌టాప్ కావాలంటే మాత్రం కళ్లు మూసుకుని కాదు, కళ్లు తెరుచుకుని వెళ్లండి, పొద్దున్న పదకొండు లోపు, మీ పెన్‌డ్రైవ్, మీ మౌస్ పట్టుకుని. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం, ఆ ముందు రోజు మూసేస్తారు. కుర్రాడికి ఇప్పుడు డీమెసేజ్ తీయడం వచ్చు, ఎర్ర వరుస కనిపిస్తే మీకంటే ముందే కేబుల్ డబ్బా తెచ్చేస్తున్నాడట.